కాగితం మీద లాభం, చేతిలో నష్టం: బ్రిటన్ హాలిడే ఇళ్ల అద్దె లెక్క మారిన తీరు

క్లుప్తంగా: బ్రిటన్‌లో పర్యాటకులకు రోజులు, వారాల లెక్కన అద్దెకిచ్చే ఇళ్లకు నలభై ఏళ్లుగా ఉన్న ప్రత్యేక పన్ను హోదా 2025 ఏప్రిల్‌లో రద్దయింది. ఆ ఇళ్ల మీద పేరుకుపోయిన పాత నష్టాలు అలాగే ఉన్నాయి. ఇప్పుడు వాటిని మామూలు అద్దె ఇళ్ల లాభంలోంచి కూడా తీసేసుకోవచ్చు. కానీ అదే రోజు నుంచి లోను వడ్డీని ఖర్చు కింద రాసుకునే వీలు పోయింది. అందుకే అప్పు చేసి కొన్న ఇంటి మీద నిజంగా చేతిడబ్బు పోయిన ఏడాది కూడా పన్ను పడొచ్చు. 40 శాతం శ్లాబులో ఉన్నవారికి పాత నష్టం ఆదా చేసే పన్ను కూడా చాలాసార్లు వారు అనుకున్నదాంట్లో సగమే.

కొత్త నిబంధనలు వర్తించిన మొదటి పన్ను సంవత్సరం 2025-26. దాని రిటర్ను ఆన్‌లైన్‌లో వేయడానికి గడువు 2027 జనవరి 31. ఈ లెక్క దగ్గరే యజమానులకు టెన్షన్ మొదలవుతోంది. బ్యాంకు పాస్‌బుక్ చూస్తే నష్టం, రిటర్నులో చూస్తే లాభం. రెండూ నిజమే. 'నష్టం' అన్న మాటకు ఇంటి ఖాతాలో ఒక అర్థం, పన్ను చట్టంలో మరో అర్థం ఉన్నాయి. ఆ రెండింటి మధ్య దూరం ఎలా పెరుగుతూ వచ్చిందో తెలిస్తే తప్ప ఈ లెక్క బోధపడదు.

హోదా ఎక్కడి నుంచి వచ్చింది

ఇల్లు అద్దెకిచ్చి సంపాదించే డబ్బును బ్రిటిష్ చట్టం మొదటి నుంచీ 'ఆస్తి మీద వచ్చే ఆదాయం'గానే చూసింది. దాన్ని వ్యాపారం కింద లెక్కించదు. మరి సముద్రతీరంలో కాటేజీ పెట్టి, వారం వారం అతిథులను మారుస్తూ, దుప్పట్లు ఉతికిస్తూ నడిపేవాళ్ల మాటేమిటి? అది వ్యాపారం కాక ఇంకేమిటన్నది వాళ్ల వాదన. 1982లో గిట్టోస్ కేసులో కోర్టు ఆ వాదనను ఒప్పుకోలేదు. దాంతో ప్రభుత్వమే 1984 ఫైనాన్స్ చట్టంలో ఒక మధ్యేమార్గం తెచ్చి, 1982-83 నుంచే వర్తించేలా వెనక్కి జరిపింది. దాని పేరు ఫర్నిష్డ్ హాలిడే లెట్టింగ్స్. యజమానుల నోట, ఆడిటర్ల నోట అది 'ఎఫ్‌హెచ్‌ఎల్'.

ఫర్నిచరుతో సహా ఇచ్చే ఇల్లు, లాభం కోసమే నడపడం, ఏడాదిలో ఇన్ని రోజులు అద్దెకు సిద్ధంగా ఉంచడం, ఇన్ని రోజులు నిజంగా అద్దెకు పోవడం - ఈ షరతులు నెరవేరితే కొన్ని విషయాల్లో ఆ ఇంటిని వ్యాపారంతో సమానంగా చూసేవారు. వడ్డీ మొత్తం ఖర్చే. సోఫా నుంచి వాషింగ్ మెషీన్ దాకా కొన్న సామాను మీద క్యాపిటల్ అలవెన్సు, అంటే ఆ ధరను పన్ను లెక్కలో ఖర్చుగా రాసుకునే వీలు. ఇల్లు అమ్మినప్పుడు వ్యాపార ఆస్తికి ఇచ్చే తక్కువ రేటు. లాభాన్ని పెన్షన్ చందాలకు అర్హమైన సంపాదనగా లెక్కించడం. వీటన్నిటికంటే పెద్దది నష్టాల సర్దుబాటు.

2011లో మూసుకున్న తలుపు

నష్టాల కథలో అసలు మలుపు 2025లో రాలేదు, 2011లోనే వచ్చింది. ఈ సంగతి చాలా చర్చల్లో వినపడదు. 2011 ఏప్రిల్ వరకు హాలిడే ఇంటి నష్టాన్ని వ్యాపార నష్టంలాగే యజమాని ఇతర ఆదాయంలోంచి తీసేసుకోనిచ్చేవారు. 40 శాతం శ్లాబులో ఉన్న ఒక డాక్టరు కాటేజీ మీద 10,000 పౌండ్లు పోగొట్టుకుంటే, జీతం మీద కట్టిన పన్నులో 4,000 పౌండ్లు వెనక్కి వచ్చేవి. అంటే ఆ కాటేజీ నష్టంలో నలభై శాతం ఖజానాయే భరించినట్టు. పెద్ద జీతగాళ్లు సెలవు ఇళ్లు కొనడానికి ఇదొక ఆకర్షణ.

ఆ తలుపు మూయడానికి కారణం యూరప్. హోదా బ్రిటన్‌లోని ఇళ్లకే పరిమితం కావడం యూరోపియన్ యూనియన్ చట్టానికి విరుద్ధమన్న అభ్యంతరం రావడంతో, 2009 ఏప్రిల్ బడ్జెట్‌లో యూరోపియన్ ఎకనమిక్ ఏరియాలోని ఇళ్లకూ దాన్ని వర్తింపజేశారు. స్పెయిన్‌లో విల్లా ఉన్నా అదే లెక్క. 2010 ఏప్రిల్ నుంచి మొత్తంగా ఎత్తేస్తామని లేబర్ ప్రభుత్వం అప్పుడే చెప్పింది. ఎన్నికల హడావుడిలో ఆ రద్దు చట్టం కాలేదు. తర్వాత వచ్చిన సంకీర్ణ ప్రభుత్వం హోదాను ఉంచి, దాని పళ్లు పీకింది. 2011-12 నుంచి నష్టం జీతం వైపు పోకూడదు. అదే తరహా ఇళ్ల రాబోయే లాభంలోంచే తీసుకోవాలి, అందులోనూ బ్రిటన్ ఇళ్లది ఒక పద్దు, యూరప్ ఇళ్లది వేరే పద్దు. 2012 ఏప్రిల్ నుంచి రోజుల షరతును కూడా బిగించారు: సిద్ధంగా ఉంచాల్సిన రోజులు 140 నుంచి 210కి, నిజంగా అద్దెకు పోవాల్సిన రోజులు 70 నుంచి 105కి పెరిగాయి.

కాబట్టి 2025లో రద్దయ్యే నాటికి జీతంలోంచి నష్టం తీసేసుకునే సౌకర్యం పోయి పద్నాలుగేళ్లయింది. 'ఇక మీదట జీతంలోంచి తీసేయలేం' అని ఇప్పుడు బాధపడేవారు లేని దాని కోసం బాధపడుతున్నట్టే.

2025 ఏప్రిల్ 6 తర్వాత

రద్దును 2024 మార్చి 6న కన్జర్వేటివ్ ఆర్థిక మంత్రి జెరెమీ హంట్ ప్రకటించారు. ఆ జులైలో అధికారానికి వచ్చిన లేబర్ ప్రభుత్వం దాన్ని అలాగే కొనసాగించి 2025 ఫైనాన్స్ చట్టంలో చేర్చింది. వ్యక్తులకు ఏప్రిల్ 6, కంపెనీలకు ఏప్రిల్ 1 నుంచి అమలు. కార్న్‌వాల్, డెవన్, లేక్ డిస్ట్రిక్ట్ లాంటి చోట్ల ఇళ్లు పర్యాటకుల చేతుల్లోకి పోయి స్థానికులకు అద్దె ఇల్లు దొరకడం లేదని, రోజువారీ అద్దెకు ఉన్న రాయితీ నెలవారీ అద్దెకు లేకపోవడం సరికాదని ప్రభుత్వాల వాదన.

రద్దు తర్వాత ఒక వ్యక్తికి బ్రిటన్‌లో ఉన్న అద్దె ఇళ్లన్నీ సాధారణంగా ఒకే పద్దులోకి వచ్చాయి. ఇది యజమానికి కొంత మేలు. లండన్‌లో నెల అద్దెకిచ్చిన ఫ్లాట్ లాభంలోంచి, వేల్స్ తీరంలోని కాటేజీ మీద ఏళ్ల తరబడి మిగిలిపోయిన నష్టాన్ని తీసేయొచ్చు. పాత నిబంధనల్లో ఆ రెంటికీ మధ్య గోడ ఉండేది. యూరప్ ఇంటి పాత నష్టం మాత్రం విదేశీ ఆస్తుల పద్దులోకి చేరుతుంది.

ఇక నష్టం వైపు. మామూలు అద్దె ఇళ్లకు 2017 నుంచి 2020 మధ్య దశలవారీగా వచ్చిన వడ్డీ నిబంధన ఇప్పుడు హాలిడే ఇళ్లకూ పట్టింది. దాని ప్రకారం వ్యక్తిగత యజమాని లోను వడ్డీని అద్దెలోంచి తీసేయకూడదు. ముందు వడ్డీ లేకుండా లాభం లెక్కకట్టి, దాని మీద తన శ్లాబు రేటులో పన్ను వేసుకుని, ఆ తర్వాత వడ్డీలో 20 శాతాన్ని పన్నులోంచి తగ్గించుకోవాలి. ఆ తగ్గింపుకూ పరిమితి ఉంది. వడ్డీ, ఆస్తి లాభం, సర్దుబాటు చేసిన మొత్తం ఆదాయం - ఈ మూడింటిలో ఏది తక్కువైతే దాని మీదే 20 శాతం. మిగిలిన వడ్డీ వచ్చే ఏడాదికి పోతుంది.

ఒక కాటేజీ లెక్క

అంకెల్లో చూస్తే ఇది సులువుగా తెలుస్తుంది. ఇంగ్లండ్‌లో 60,000 పౌండ్ల జీతం ఉన్న వ్యక్తికి ఒక కాటేజీ ఉందనుకుందాం. ఏడాదికి అద్దె 24,000 పౌండ్లు. శుభ్రం చేసేవాళ్ల కూలి, బుకింగ్ సైట్ కమిషన్, కరెంటు, గ్యాస్, బీమా, రిపేర్లు కలిపి ఖర్చు 11,000. లోను వడ్డీ 15,000. అంటే ఏడాది తిరిగేసరికి చేతినుంచి 2,000 పౌండ్లు పోయాయి.

పాత హోదాలో ఇది 2,000 పౌండ్ల నష్టం. పన్ను సున్నా. ఆ నష్టం వచ్చే ఏడాదికి జమ.

కొత్త లెక్కలో వడ్డీని పక్కన పెడితే లాభం 13,000. దాని మీద 40 శాతం చొప్పున పన్ను 5,200. వడ్డీ 15,000 అయినా లాభం 13,000 కాబట్టి తగ్గింపు 13,000 మీదే, అంటే 2,600. కట్టాల్సింది 2,600 పౌండ్లు. 2,000 పోగొట్టుకున్న మనిషి ఇంకో 2,600 కట్టి, మొత్తం 4,600 చేతినుంచి పెట్టుకుంటాడు. మిగిలిన 2,000 వడ్డీ వచ్చే ఏళ్లకు పోతుంది. పన్ను దృష్టిలో ఈ ఇంటికి ఆ ఏడాది నష్టమే రాలేదు.

ఇంకో చోట కూడా దెబ్బ తగులుతుంది. ఆ 13,000 పౌండ్లు పూర్తిగా ఆదాయంలో కలవడంతో అతని ఆదాయం 73,000 అయింది. పిల్లల పోషణకు ప్రభుత్వం ఇచ్చే చైల్డ్ బెనిఫిట్ తీసుకునే కుటుంబంలో ఎక్కువ ఆదాయం ఉన్నవారిది 60,000 పౌండ్లు దాటితే, ప్రతి 200 పౌండ్లకు ఒక శాతం చొప్పున ఆ సాయం వెనక్కి కట్టాలి. 73,000 దగ్గర అది 65 శాతం. పాత హోదాలో అదే మనిషి 60,000 దగ్గరే ఆగేవాడు, రూపాయి కూడా, అదే పౌండు కూడా వెనక్కి కట్టేవాడు కాదు.

పాత నష్టం ఎంత ఆదా చేస్తుంది

ఇదే యజమానికి హోదా ఉన్న రోజుల నుంచి 9,000 పౌండ్ల నష్టం మిగిలి ఉందనుకుందాం. 40 శాతం శ్లాబు కదా, 3,600 పన్ను మిగులుతుందని ఎవరైనా అనుకుంటారు. లెక్క అలా రాదు. 13,000 లాభంలోంచి 9,000 పోతే మిగిలేది 4,000. దాని మీద పన్ను 1,600. వడ్డీ తగ్గింపు కూడా ఇప్పుడు 4,000 మీదే దొరుకుతుంది, ఎందుకంటే 'ఆస్తి లాభం' అంటే పాత నష్టం తీసేశాక మిగిలిన లాభం. తగ్గింపు 800. కట్టాల్సింది 800. ముందు 2,600, ఇప్పుడు 800. ఆదా 1,800 పౌండ్లు, అంటే 20 శాతమే.

నష్టం ఒక చేత్తో పన్ను తగ్గిస్తూ, ఇంకో చేత్తో వడ్డీ తగ్గింపును కోసేస్తోంది. కోసేసిన వడ్డీ పూర్తిగా పోదు, 11,000 పౌండ్లు వచ్చే ఏళ్లకు వెళ్తుంది. కానీ లాభం వడ్డీని దాటే రోజు వస్తే తప్ప దాన్ని వాడుకునే అవకాశం రాదు. చైల్డ్ బెనిఫిట్ తీసుకునేవారికి మాత్రం ఈ నష్టం వల్ల అదనపు ప్రయోజనం ఉంది: ఆదాయం 73,000 నుంచి 64,000కి దిగడంతో వెనక్కి కట్టాల్సిన వాటా 65 శాతం నుంచి 20 శాతానికి తగ్గుతుంది.

పాత నష్టాన్ని ఈ ఏడాది దాచుకుని, వడ్డీ తగ్గినప్పుడు వాడదామంటే కుదరదు. లాభం వచ్చిన మొదటి ఏడాదే, ఆ లాభం మేరకు, నష్టాన్ని వాడి తీరాలి. ఈ ఎంపిక యజమాని చేతిలో లేదు.

2025 నవంబర్ బడ్జెట్‌లో ఆస్తి ఆదాయానికి వేరే రేట్లు ప్రకటించారు. 2027 ఏప్రిల్ నుంచి 22, 42, 47 శాతం. వడ్డీ తగ్గింపు కూడా 22 శాతానికి పెరుగుతుంది. పై కాటేజీ యజమాని మళ్లీ లెక్క వేసుకుంటే విచిత్రంగా అంకె మారదు: 13,000 మీద 5,460, తగ్గింపు 2,860, కట్టాల్సింది మళ్లీ 2,600. రెండు వైపులా రెండేసి శాతం పెరిగి చెల్లుకు చెల్లయింది. కొత్త రేటు భారం పడేది అప్పు లేనివారి మీద, లాభం వడ్డీని దాటినవారి మీద.

సోఫా, ఫ్రిజ్, సొంత సెలవులు

నష్టం తయారయ్యే దారులు కూడా ఇరుకయ్యాయి. ముందు కాటేజీకి కొత్తగా 8,000 పౌండ్ల ఫర్నిచరు వేయిస్తే ఆ ఏడాదే మొత్తం రాసుకోగలిగేవారు. ఇప్పుడు మొదటిసారి కొన్న దానికి ఏమీ రాదు. పాతది పాడై దాని స్థానంలో కొన్నదానికే ఖర్చు. అదీ అదే స్థాయి వస్తువు ధర మేరకే. పాత సోఫా స్థానంలో సోఫా బెడ్ కొంటే, మామూలు సోఫాకు ఎంతయ్యేదో అంతే రాసుకోవాలి. రద్దుకు ముందే క్యాపిటల్ అలవెన్సు పద్దులో ఉన్న మొత్తం మీద మాత్రం ఏటా కొంత శాతం కొనసాగుతుంది. ఆ రేటు ఇన్నాళ్లూ 18 శాతం, 2026 ఏప్రిల్ నుంచి 14.

యజమాని తానే ఆగస్టులో రెండు వారాలు వెళ్లి ఉంటే ఆ రోజుల ఖర్చును వాటా వేసి తీసేయాలి. బంధువులకు నామమాత్రపు అద్దెకిస్తే ఖర్చు ఆ అద్దె మేరకే చెల్లుతుంది, దాని మీద నష్టం చూపకూడదు. హోదా ఉన్నప్పుడూ ఇంతే.

స్థానిక పన్ను విషయంలో అయోమయం వేరు. ఇళ్ల మీద వేసే కౌన్సిల్ ట్యాక్స్ కాకుండా, వ్యాపార స్థలాల మీద వేసే బిజినెస్ రేట్స్ కిందికి రావడానికి ఇంగ్లండ్‌లో 140 రోజులు సిద్ధంగా ఉంచి 70 రోజులు, వేల్స్‌లో 252 రోజులు ఉంచి 182 రోజులు అద్దెకివ్వాలన్న షరతులు 2023 ఏప్రిల్‌లో వచ్చాయి. ఆదాయపు పన్ను హోదా రద్దుతో వాటికి సంబంధం లేదు. వ్యాట్‌కూ అంతే. టర్నోవర్ 90,000 పౌండ్లు దాటితే హాలిడే అద్దె మీద 20 శాతం ఎప్పటిలాగే ఉంది.

కంపెనీ పేరు మీద ఉంటే

రద్దులో ఎక్కువమంది గమనించని మలుపు ఇక్కడుంది. వడ్డీ మీద ఆంక్ష వ్యక్తులకే, కంపెనీలకు లేదు. పైగా 2011 ఆంక్ష వల్ల కంపెనీ కూడా హాలిడే ఇంటి నష్టాన్ని ఆ తరహా లాభంలోంచే తీసుకోవాల్సి వచ్చేది. హోదా పోయాక ఆ ఇల్లు మామూలు ఆస్తి వ్యాపారంలో కలిసింది. మామూలు ఆస్తి వ్యాపారంలో వచ్చే నష్టాన్ని కంపెనీ తన అదే ఏడాది మొత్తం లాభాల్లోంచి తీసేయొచ్చు. అంటే నష్టాల విషయంలో రద్దు వల్ల కంపెనీలు మునుపటికంటే మెరుగ్గా ఉన్నాయి.

అలాగని ఉన్న ఇంటిని కంపెనీలోకి మార్చడం చౌక వ్యవహారం కాదు. చట్టం దృష్టిలో అది అమ్మకమే. మూలధన లాభం మీద పన్ను ఉంటుంది. ఇంగ్లండ్‌లో అయితే 2024 అక్టోబర్ 31 నుంచి 5 శాతానికి పెరిగిన అదనపు స్టాంప్ డ్యూటీ కూడా తోడవుతుంది. ఏటా మిగిలే పన్ను ఈ ఖర్చును పూడ్చడానికి ఎన్నేళ్లు పడుతుందో చూసుకోకుండా దిగినవారు ఇంకో రకం నష్టంలో పడతారు.

అమెరికాలో తెరిచే ఉన్న తలుపు

అమెరికాలో ఉన్న తెలుగువాళ్ల మధ్య ఇదే విషయం పూర్తిగా తలకిందులుగా వినిపిస్తుంది. అక్కడ సాధారణ అద్దె నష్టాన్ని జీతంలోంచి తీసేసుకునే పరిమితి 25,000 డాలర్లు. ఆదాయం లక్ష డాలర్లు దాటితే అది తగ్గుతూ లక్షన్నర దగ్గర సున్నా అవుతుంది. కానీ అతిథులు సగటున ఏడు రోజులు, అంతకంటే తక్కువ ఉండే ఇంటిని ఆ నిబంధన 'అద్దె'గా లెక్కించదు. యజమాని స్వయంగా తగినంత పనిచేస్తున్నట్టు చూపగలిగితే నష్టం జీతంలోంచి పోతుంది. 2025 జనవరి 19 తర్వాత సంపాదించిన అర్హమైన ఆస్తులకు మొదటి ఏడాదే నూరు శాతం తరుగుదల మళ్లీ రావడంతో ఆ నష్టం మరీ పెద్దదవుతోంది. బ్రిటన్ 2011లో మూసిన తలుపును అమెరికా ఇంకా తెరిచే ఉంచింది. టెక్సస్‌లోని బంధువు చెప్పిన చిట్కాను మాంచెస్టర్‌లో వాడబోతే కుదరకపోవడానికి ఇదే కారణం.

హైదరాబాద్ ఫ్లాట్ సంగతి

బ్రిటన్‌లో స్థిరపడి, హైదరాబాద్‌లోనో విశాఖలోనో ఇల్లు అద్దెకిచ్చిన వారికి రెండు లెక్కలుంటాయి. భారత్‌లో అద్దెలో 30 శాతం నేరుగా తీసేసి, వడ్డీ కూడా తీస్తారు. పాత పద్ధతి ఎంచుకున్నవారికి ఏడాదికి 2 లక్షల రూపాయల వరకు నష్టం జీతం లాంటి ఇతర ఆదాయంలోంచి పోతుంది, మిగిలింది 8 ఏళ్ల వరకు ముందుకు వెళ్తుంది. కొత్త పద్ధతిలో ఇతర ఆదాయంలోంచి తీసే వీలు లేదు. బ్రిటన్ రిటర్నులో ఆ 30 శాతం చెల్లదు. నిజంగా పెట్టిన ఖర్చే చూపాలి. ఇంటి లోను వడ్డీకి ఇక్కడా 20 శాతం తగ్గింపే. భారత్‌లో నష్టంగా తేలిన ఫ్లాట్ బ్రిటన్ లెక్కలో లాభంగా తేలడం ఇలాగే. ఒకవేళ బ్రిటన్ లెక్కలోనూ నష్టమే వచ్చినా అది విదేశీ ఆస్తుల పద్దులోనే ఉంటుంది, బ్రిటన్ కాటేజీ లాభాన్ని తాకదు. భారత్‌లోని ఇళ్లకు ఎఫ్‌హెచ్‌ఎల్ హోదా ఎప్పుడూ లేదు కాబట్టి గోవా విల్లా ఉన్నవారికి రద్దుతో పోయిందేమీ లేదు.

దాదాపు ఇదే సమయంలో భారత్ కూడా ఇలాంటి అడుగే వేసింది. యజమాని నివాస గృహాన్ని అద్దెకిస్తే వచ్చే ఆదాయాన్ని వ్యాపార ఆదాయంగా చూపకుండా హౌస్ ప్రాపర్టీ కిందే చూపాలని 2024 జులై బడ్జెట్‌లో పెట్టిన నిబంధన 2025 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది.

నష్టం ఎప్పుడు చచ్చిపోతుంది

బ్రిటన్‌లో అద్దె నష్టానికి ఏళ్ల గడువు లేదు. కానీ అది ఇంటికి కాకుండా, యజమాని నడిపే అద్దె వ్యాపారానికి అంటుకుని ఉంటుంది. నాలుగు ఇళ్లలో ఒకటి అమ్మినా నష్టం మిగిలిన మూడింటి లాభం కోసం ఎదురుచూస్తుంది. చివరి ఇల్లు అమ్మేస్తే వ్యాపారంతో పాటు నష్టమూ ముగుస్తుంది. చాలామంది దాన్ని అమ్మకపు లాభంలోంచి తీసేసుకోవచ్చని అనుకుంటారు. అద్దె నష్టం ఆదాయపు పన్ను లెక్కలోది, అమ్మకపు లాభం మూలధన లెక్కలోది, ఒకటి ఇంకోదానిలోకి దాటదు. పైన చెప్పిన కాటేజీకి 9,000 పౌండ్ల నష్టం ఇంకా మిగిలి ఉండగానే, వేరే అద్దె ఇల్లు లేని యజమాని దాన్ని లాభానికి అమ్మేస్తే, లాభం మీద 18 లేదా 24 శాతం పన్ను కట్టాలి, ఆ 9,000 మాత్రం అక్కడితో సరి.